మెడ మీద చెయ్యి వేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. డాలస్ దగ్గర ఉంటాం. ఐటీ ఉద్యోగం, సగం రోజులు ఇంటి నుంచే పని. రెండు నెలలుగా కుడివైపు మెడ పట్టేసి ఉంటోంది. నొప్పి భుజం మీదికి పాకుతుంది. తల కుడివైపు బాగానే తిరుగుతుంది గానీ ఎడమవైపు మధ్యలోనే ఆగిపోతోంది. కారు లేన్ మారాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వస్తోంది. చేతిలో తిమ్మిరి లేదు. మా ఫ్యామిలీ డాక్టర్ పేరు పక్కన ఎం.డి. బదులు డి.ఓ. అని ఉంటుంది. ఆయన కనీసం ఎక్స్‌రే కూడా రాయలేదు. పడుకోబెట్టి, నా తల చేతుల్లోకి తీసుకుని, మెడ ఎముకల్ని ఒక్కొక్కటే అటూ ఇటూ జరిపి చూశారు. కాగితం మీద ‘సొమాటిక్ డిస్‌ఫంక్షన్, సి5 ఎక్స్‌టెండెడ్, రొటేటెడ్ రైట్, సైడ్‌బెంట్ రైట్’ అని ఉంది. వచ్చే వారం వస్తే చేత్తోనే సరిచేస్తానని, టక్‌మని శబ్దం వచ్చే పద్ధతి అని చెప్పారు. హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్య ‘డి.ఓ. అంటే కళ్ల డిప్లొమా కదా, మెడతో ఆయనకేం పని?’ అంటున్నాడు. డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఎంఆర్ఐ తీయిద్దామంటాడు. అమ్మేమో పార్లర్‌లో తల కడిగించుకున్నావిడకు స్ట్రోక్ వచ్చిన వార్త పంపి, అస్సలు ఒప్పుకోవద్దని ఒకటే ఏడుపు. మావారు చేయించుకోమంటున్నారు. పైగా మా అత్తయ్యగారు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. 68 ఏళ్లు. పదిహేనేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతానికి మందులు వాడుతున్నారు. ఆవిడకూ మెడ వెనక, తల అడుగున నొప్పి. ఈమధ్య జాకెట్ హుక్స్ కూడా పెట్టుకోలేకపోతున్నారు. నాకు తగ్గితే ఆవిడనూ అదే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామనుకుంటున్నాను. జనవరిలో గుంటూరు వెళ్లాక ఆవిడకు మోకాలి ఆపరేషన్ ఉంది.

జవాబు: మీ ఉత్తరం చివర మీ అత్తయ్యగారి గురించి రాసిన నాలుగు ముక్కలతో మొదలుపెడతాను. మీ మెడ ఇంకో వారం ఆగినా ఏమీ కాదు. ఆవిడను మాత్రం ఈ వారమే డాక్టర్‌కు చూపించండి. మెడ సరిచేయించడానికి కాదు, ముందు మెడ ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి.

రుమటాయిడ్ వల్ల వేళ్లు వంకర పోతాయని అందరికీ తెలుసు. మెడలో పై రెండు ఎముకలనూ అది వదలదన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. మెడ మొదటి ఎముక వలయంలా గుండ్రంగా ఉంటుంది. రెండో ఎముక నుంచి పైకి లేచిన ఒక కొమ్ము ఆ వలయంలో ఇరుసుగా పనిచేస్తుంది. ఆ కొమ్ము వెనక్కి, అంటే వెన్నుపాము వైపు, జరగకుండా అడ్డంగా ఒక లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ) పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి వాపు ఉన్నవాళ్లలో ఆ లిగమెంట్ వదులవుతుంది, కొమ్ము కూడా అరుగుతుంది. అలాంటి మెడలో, తల ముందుకు వంచినప్పుడల్లా పై ఎముక ముందుకు జరిగి వెన్నుపాముకు చోటు తగ్గిపోతుంది. పెద్దవాళ్లలో ఆ కొమ్ముకూ దాని ముందున్న ఎముకకూ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు. తల నిటారుగా పెట్టి తీసిన ఎక్స్‌రేలో ఇది సరిగ్గానే కనబడి, వంచినప్పుడు పెరగవచ్చు. అందుకే మెడ ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి వంచి, పక్కనుంచి తీసే ఎక్స్‌రేలు కావాలి. ఆవిడ తనంతట తాను, ఇబ్బంది లేనంత వరకే వంచాలి. ఎవరూ తల పట్టుకుని వంచకూడదు.

ఇక జాకెట్ హుక్స్ సంగతి. అందుకు వేళ్ల కీళ్లే కారణం కావచ్చు. మెడలో వెన్నుపాము నొక్కుకుపోతున్నా మొదట దెబ్బతినేది ఇలాంటి సన్న పనులే. ఈ రెండిట్లో ఏదన్నది ఇంట్లో కూర్చుని తేల్చలేం. ఈ రాత్రి ఆవిడ పక్కన కూర్చుని అడగండి: చేతిలోంచి చెంచా, గ్లాసు జారిపోతున్నాయా? నడుస్తుంటే తూలినట్టుందా? గడ్డం కిందికి వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోందా? మూత్రం ఆగకపోవడమో, రాకపోవడమో కొత్తగా ఉందా? మన పెద్దవాళ్లు కోడలి దగ్గర ఈ చివరిది తమంతట తాము చెప్పరు, అందుకే విడిగా అడగమంటున్నాను. వీటిలో ఏ ఒక్కటికి అవునన్నా ఎక్స్‌రే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

అవేమీ లేకపోతే మీ డి.ఓ. గారి దగ్గరికే నిక్షేపంగా తీసుకెళ్లండి, ఆయన అన్ని రకాలా డాక్టరే. రుమటాయిడ్ అన్న మాట చెవిన పడగానే మెడకు ఝటకా ఇచ్చే ఆలోచన మానుకుని, కాళ్లూ చేతుల రిఫ్లెక్సులు, నడక చూసి ఎక్స్‌రే రాస్తే, ఆయన మంచి డాక్టరో కాదో అన్న మీ ఇంట్లోవాళ్ల అనుమానానికి కూడా జవాబు దొరికినట్టే. ఎక్స్‌రే చూసేదాకా ఆవిడ మెడను కైరోప్రాక్టర్ (వెన్నెముకను చేత్తో సరిచేస్తామనేవాళ్లు) గానీ, మసాజ్ చేసేవాళ్లు గానీ, ప్రేమ కొద్దీ తైలం పట్టించే కొడుకు గానీ తిప్పకూడదు, లాగకూడదు. ఎక్స్‌రే బాగున్నా సరే, రుమటాయిడ్ ఉన్న మెడకు ఆ ‘టక్’ పద్ధతి ఎప్పటికీ వద్దు. విజిటర్ ఇన్సూరెన్స్‌లు చాలావరకు పాత జబ్బుల ఖర్చు పెట్టుకోవు కాబట్టి విడిగా ఉండే ఇమేజింగ్ సెంటర్లో నగదు ధర ఎంతో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. హాస్పిటల్లో కంటే తరచుగా తక్కువే ఉంటుంది. ఆ ఫిల్ములు, రిపోర్టు గుంటూరు తీసుకెళ్లి మోకాలి ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ చేతిలో పెట్టండి. పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే గొంతులోకి గొట్టం వేయడానికి తల వెనక్కి వంచుతారు. వదులైన మెడ అని ముందే తెలిస్తే వాళ్లు వేరే పద్ధతిలో వేస్తారు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. ముందు మీ అన్నయ్యగారి అనుమానం తీరుస్తాను. ఆయన పూర్తిగా తప్పు కూడా కాదు, మన దేశంలో కంటి డాక్టర్ల డిప్లొమాకు నిజంగానే డి.ఓ. అని రాసుకుంటారు. అమెరికాలో డి.ఓ. అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. నాలుగేళ్ల మెడికల్ కాలేజీ, తర్వాత రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ), 50 రాష్ట్రాల్లోనూ మందులు రాయడానికీ ఆపరేషన్లు చేయడానికీ పూర్తి లైసెన్సు. 2020 నుంచి రెసిడెన్సీలు కూడా ఎం.డి.లకూ డి.ఓ.లకూ ఒకే వ్యవస్థ కింద నడుస్తున్నాయి. నేను ఎం.డి.ని. పక్క గదిలో పనిచేసే డి.ఓ.కూ నాకూ రోజువారీ పనిలో తేడా దాదాపు కనబడదు. వాళ్లకు కాలేజీలో ఎముకలనూ కండరాలనూ చేత్తో పరీక్షించి, చేత్తోనే చికిత్స చేయడంలో సుమారు 200 గంటల శిక్షణ అదనంగా ఉంటుంది. ఈ వైద్యానికి ఆద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1864లో మెనింజైటిస్‌తో ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకుని, ఆనాటి మందుల మీద నమ్మకం పోయిన డాక్టర్. ఎముకలు సరిచేసేవాడిగా ఊళ్లు తిరిగి, చివరికి 1892లో మిస్సోరీ రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. అన్ని జబ్బులకూ మూలం వెన్నులోనే ఉందన్న ఆయన తొలినాటి ధోరణిని ఇప్పటి కాలేజీలు పక్కన పెట్టాయి. చేతి పరీక్ష మాత్రం నిలిచింది.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఈ మాట అమెరికా డి.ఓ.లకే వర్తిస్తుంది. లండన్‌లో మీ చుట్టాలెవరైనా ఆస్టియోపాత్ దగ్గరికి వెళ్తే, అక్కడ వాళ్లకు 1993 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటుంది గానీ వాళ్లు ఎం.బి.బి.ఎస్. లాంటి డాక్టర్లు కారు. మన ఊళ్లలో ఆ బోర్డు పెట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లేముందు అసలు చదువేమిటో అడగాలి.

మీ చేతిలో ఉన్న కాగితం చూద్దాం. అందులో రాసింది రోగం పేరని భయపడకండి. ‘సొమాటిక్ డిస్‌ఫంక్షన్’ అంటే ఒక కీలు, దాని చుట్టూ కండరాలు సరిగ్గా పనిచేయడం లేదని. మెడలో ఏడు ఎముకలు, పైనుంచి లెక్కపెడితే ఐదోది సి5. దానికీ కింద ఉన్న సి6కీ మధ్య వెనక భాగంలో, కుడి ఎడమల ఒక్కో చిన్న కీలు ఉంటుంది. డి.ఓ.లు ఒక కీలు కదలిక గురించి రాసేటప్పుడు అది ఎటు సులువుగా పోతోందో ఆ దిక్కు పేరు పెడతారు, ఎటు పోవడం లేదో రాయరు. చదివేవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ‘ఎక్స్‌టెండెడ్, రొటేటెడ్ రైట్, సైడ్‌బెంట్ రైట్’ అంటే మీ ఐదో ఎముక వెనక్కి వాలడానికీ, కుడికి తిరగడానికీ, కుడికి ఒరగడానికీ బాగానే ఒప్పుకుంటోంది. ముందుకు వంగమన్నా, ఎడమకు తిరగమన్నా, ఎడమకు ఒరగమన్నా మొరాయిస్తోంది. కుడివైపు కీలు తెరుచుకోవాల్సినంత తెరుచుకోవడం లేదని అర్థం. లేన్ మారేటప్పుడు మీకు అడ్డుపడుతున్నది సరిగ్గా అదే కదలిక, నొప్పి ఉన్నది కూడా కుడివైపే. ఆ కీలు నుంచి పుట్టే నొప్పి మెడ కింది భాగానికీ భుజం మీదికీ పాకడం కూడా మామూలే. ఆయన రాసింది మీరు చెప్పిన బాధతో అతుకుతోంది.

‘ఎముక జరిగింది, మళ్లీ కూర్చోబెట్టాలి’ అని ఎవరైనా అంటే నమ్మకండి. సి5 ఎక్కడికీ జరగలేదు. వానలకు ఉబ్బిన తలుపు బందులు ఊడకుండానే సగంలో ఆగిపోతుంది చూడండి, అలాంటి వ్యవహారం. కీలు చుట్టూ ఉన్న చిన్న కండరాలు బిగుసుకుని కాపలా కాస్తున్నాయి. కీలు పొరలో కొంచెం వాపు ఉండొచ్చు. గంటల తరబడి మెడ ఒకే తీరులో ఉంచడం దానికి తోడవుతుంది.

పడుకోబెట్టి ఆయన చేసిన పరీక్ష ఏమిటో కూడా చెబుతాను. కూర్చుని ఉంటే మెడ కండరాలు తల బరువు మోస్తూ గట్టిగా ఉంటాయి, అందుకని పడుకోబెడతారు. రెండు వైపులా వేళ్లు ఎముకల వెనక అంచుల మీద ఉంచి నాలుగు విషయాలు వెతుకుతారు. కండరం గట్టిగా, చెమ్మగా, తాడులా తగులుతోందా, రెండు వైపులా సమానంగా ఉందా, కదలిక ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ నొక్కితే నొప్పి. తర్వాత ఒక్కో ఎముకనూ పక్కకు నెడతారు. ఎడమ నుంచి కుడికి నెడితే ఆ ఎముక దగ్గర మెడ ఎడమకు ఒరగాలి. మీకు అక్కడ ఆగిపోయి ఉంటుంది. ఇదే పని తల కొంచెం ముందుకు వంచి ఒకసారి, వెనక్కి వాల్చి ఒకసారి చేస్తారు. వెనక్కి వాల్చినప్పుడు తేడా తగ్గిపోయి, ముందుకు వంచినప్పుడు ఎక్కువైతే ‘ఎక్స్‌టెండెడ్’ అని రాస్తారు. పై రెండు కీళ్ల తీరు వేరు. పుర్రెకూ మొదటి ఎముకకూ మధ్య కీలు ముఖ్యంగా తల ఊపడానికి. మొదటి, రెండో ఎముకల మధ్య కీలు తిరగడానికి, మెడ తిరుగుడులో దాదాపు సగం అక్కడే జరుగుతుంది. దాన్ని పరీక్షించాలంటే మెడను బాగా ముందుకు వంచి కింది కీళ్లను బిగించేసి అప్పుడు తల తిప్పుతారు.

ఈ చేతి పరీక్ష మీద నాకు గౌరవం ఉంది గానీ గుడ్డి నమ్మకం లేదు. ఒకే మెడను ఇద్దరు నిపుణులు విడివిడిగా తడిమితే, లోపం ఫలానా ఎముక దగ్గర ఫలానా దిక్కున అని ఇద్దరూ ఒకే మాట చెప్పడం తక్కువే. పరిశోధనలు పదేపదే చూపించింది ఇదే. నొక్కితే ఎక్కడ నొప్పి అన్న విషయంలో మాత్రం ఒకే మాట మీదికి రావడం ఎక్కువ. కాబట్టి రేపు ఇంకో డి.ఓ. చూసి ‘సి4’ అన్నా కంగారు పడొద్దు. పరీక్ష విలువ ఆ నంబర్లో కంటే, చికిత్సకు ముందూ వెనకా మీ తల ఎడమకు ఎంత తిరిగిందో పోల్చి చూసుకోవడంలో ఉంది.

మెడ తడమడానికి ముందు ఆయన ఇంకో పని చేశారా అన్నదే నాకు ముఖ్యం. ఈ నొప్పి కేవలం కీలుదేనా, వెనక ఇంకేదైనా ఉందా అని తేల్చుకోవాలి. దెబ్బ తగిలిందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా, క్యాన్సర్ చరిత్ర ఉందా, రాత్రి నిద్ర లేపే నొప్పా అని అడిగి ఉండాలి. సుత్తితో మోచేతుల దగ్గర రిఫ్లెక్సులు, చేతుల బలం, స్పర్శ చూసి ఉండాలి. తలను నొప్పి ఉన్నవైపు ఒరగబెట్టి మెల్లగా పైనుంచి నొక్కి, చేతిలోకి జివ్వుమని పాకుతుందేమో చూడటం కూడా అందులో భాగమే. నరం నొక్కుకుంటే ఏ వేలు తిమ్మిరెక్కుతుందో దాన్ని బట్టి ఏ నరమో చాలావరకు చెప్పొచ్చు. ఆరో నరమైతే బొటనవేలు, ఏడోదైతే మధ్యవేలు, ఎనిమిదోదైతే చిటికెన వేలు. మెడ ఎముకలు ఏడే గానీ నరాలు ఎనిమిది, అది ప్రకృతి లెక్క. మీకు తిమ్మిరి లేదన్నారు కాబట్టి ఆ దారి ప్రస్తుతానికి మూసుకున్నట్టే. ఈ పరీక్షలు జరగకపోయి ఉంటే వచ్చే వారం చికిత్సకు ముందు చేయమని మొహమాటం లేకుండా అడగండి.

ఇవన్నీ బాగుంటే ఎక్స్‌రే, ఎంఆర్ఐ రాయకపోవడం నిర్లక్ష్యం అనిపించుకోదు. స్కాన్ తీస్తేనే డాక్టర్ శ్రద్ధగా చూసినట్టు అని మనవాళ్లకు ఒక లెక్క. జపాన్‌లో మెడనొప్పే లేని 1,211 మందికి మెడ ఎంఆర్ఐ తీసి 2015లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. వాళ్లలో 87.6 శాతం మందికి డిస్క్ ఉబ్బి కనిపించింది. ఇరవైల్లో ఉన్నవాళ్లలోనూ నూటికి డెబ్బై మందికి పైగా ఉంది. మీ 39 ఏళ్ల మెడను హైదరాబాద్‌లో స్కాన్ చేస్తే ‘డిస్క్ బల్జ్’ అని రావడానికే ఎక్కువ అవకాశం. ఆ రిపోర్టు చేతికొచ్చాక మీరు మెడ కదపడానికే భయపడతారు, ఎవరో ఒకరు కాలర్ అమ్ముతారు, కదలిక మరింత తగ్గుతుంది.

చికిత్స విషయానికొస్తే, డి.ఓ. చేతిలో ఉన్నది ‘టక్’ ఒక్కటే కాదు. అది చాలా పద్ధతుల్లో ఒకటి. దాన్ని హెచ్‌వీఎల్‌ఏ అంటారు. కీలును అది ఆగే చోటి దాకా తీసుకెళ్లి, చాలా తక్కువ దూరం, చాలా వేగంగా ఒక్క ఊపు ఇస్తారు. వచ్చే శబ్దం ఎముకది అనుకుంటారు గానీ, కీలులోని ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి గాలి ఖాళీ ఏర్పడటం వల్ల వచ్చేది. మెటికలు విరిచినప్పుడు వినిపించేదీ అదే. శబ్దం వస్తేనే పనిచేసినట్టు అనేమీ లేదు.

రెండోది మజిల్ ఎనర్జీ. ఫ్రెడ్ మిచెల్ అనే డి.ఓ. రూపొందించినది. మీ విషయంలో ఆయన మీ తలను కొంచెం ముందుకు వంచి, ఎడమకు ఒరగబెట్టి, ఎడమకు తిప్పి, కీలు ఆగిన చోట పట్టుకుంటారు. మీరు ఆయన చేతికి ఎదురుగా కుడివైపు, రెండు వేళ్లతో నెట్టినంత బలంతో, మూడు నుంచి ఐదు సెకన్లు నెట్టాలి. వదిలేశాక కండరం సడలుతుంది, ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తారు. ఇలా నాలుగైదు సార్లు. పని చేసేది మీ కండరమే, ఊపు ఉండదు, నొప్పి అనిపిస్తే మీరే ఆపేయొచ్చు. మూడోది కౌంటర్‌స్ట్రెయిన్. 1955లో లారెన్స్ జోన్స్ అనే డి.ఓ., నొప్పితో నిటారుగా నిలబడలేని ఒక రోగిని హాయిగా ఉన్న భంగిమలో కాసేపు పడుకోబెడితే లేచాక తేలిగ్గా నిలబడటం గమనించి మొదలుపెట్టిన పద్ధతి. నొప్పి చుక్కను వేలితో పట్టి ఉంచి, ఆ నొప్పి చాలావరకు మాయమయ్యే దాకా తలను అమర్చి, 90 సెకన్లు అలాగే ఉంచి, చాలా నెమ్మదిగా వెనక్కి తెస్తారు. పేషెంట్లు ‘ఏమీ చేయలేదే’ అనుకునేది దీని గురించే. వీటికి ముందు మెడ వెనక కండరాలను పిసికి సడలించడం ఎలాగూ ఉంటుంది. పుర్రె ఎముకల ‘లయ’ను చేత్తో పట్టుకుని సరిచేస్తామనే క్రేనియల్ పద్ధతి కూడా కొందరు చేస్తారు. పెద్దగా హాని ఉండదు గానీ దానికి తగిన రుజువు నాకు కనబడలేదు. దానికి కోపే (ఇన్సూరెన్స్ పోగా మన వంతు ఫీజు) కట్టాలంటే నేనైతే కట్టను.

అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. 2022లో హైదరాబాద్‌లో పార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకున్నావిడకు స్ట్రోక్ వచ్చిందన్నది నిజమైన వార్తే. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ ఎముకల పక్కనున్న రంధ్రాల గుండా పైకి పోయి, మొదటి ఎముక దగ్గర మెలిక తిరిగి పుర్రెలోకి వెళ్తాయి. మెడను వెనక్కి వంచి బాగా తిప్పినప్పుడు ఆ మెలిక దగ్గర లాగినట్టవుతుంది. లోపలి పొర చీలితే గడ్డ కట్టి స్ట్రోక్ రావచ్చు. మెడకు ఊపు ఇచ్చే చికిత్స తర్వాత ఇలా జరిగిన కేసులు ఉన్నాయి, చాలా అరుదు. ఇందులో ఒక చిక్కుముడి ఉంది. ధమని పొర అప్పటికే చీలినవాళ్లకు తొలి లక్షణం మెడనొప్పే. ఆ నొప్పితోనే వాళ్లు మెడ సరిచేయించుకోవడానికి వస్తారు. చికిత్స వల్ల చీలిందా, చీలడం వల్ల చికిత్సకు వచ్చారా అన్నది తేల్చడం కష్టం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ఇచ్చిన ప్రకటనలో కూడా రెండింటికీ సంబంధం కనిపిస్తోందని, కారణమని రుజువు కాలేదని, అయినా పేషెంటుకు ముందే చెప్పి తీరాలని ఉంది. తల వెనక్కి తిప్పి పట్టుకుని కళ్లు తిరుగుతున్నాయా అని చూసే పాత పరీక్షలో ఏమీ రాకపోతే ధమని క్షేమమని ధీమా పడటానికి లేదు. కాబట్టి మీ నొప్పి ఎప్పుడూ ఎరగని కొత్త రకంగా హఠాత్తుగా మొదలైందా, తలనొప్పి, కళ్లు తిరగడం, రెండుగా కనబడటం, మాట తడబడటం, మింగడం కష్టం, ఒక కనురెప్ప వాలడం ఉన్నాయా అని ఆయన అడగాలి, అడగకపోయినా మీరే చెప్పాలి. ఇవి చికిత్స తర్వాత కొన్ని రోజుల్లో కనిపించినా ఇంట్లో పడుకోకుండా 911కి ఫోన్ చేయండి.

ఈ అరుదైన ప్రమాదాన్ని తీసుకోవడానికి ప్రతిఫలం ఎంత? నా అభిప్రాయం అంతా దీని మీదే ఆధారపడింది. 2015 నాటి కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసినది) చూస్తే మెడకు వేగంగా ఊపు ఇచ్చినా, నెమ్మదిగా కదిలించినా నొప్పి, కదలికల విషయంలో ఫలితం సుమారు ఒకేలా ఉంది. చేతి చికిత్స పనికిరాదనడం లేదు. 2005లో ఎమర్జెన్సీకి అప్పుడే పట్టేసిన మెడతో వచ్చిన 58 మంది మీద జరిగిన చిన్న అధ్యయనంలో, గంట తర్వాత చూస్తే డి.ఓ.ల చేతి చికిత్స కెటోరొలాక్ అనే నొప్పి ఇంజెక్షన్‌కు తీసిపోలేదు. చెయ్యి పనిచేస్తుంది. ఊపు లేకుండా కూడా అంతే పనిచేస్తున్నప్పుడు మెడ విషయంలో ముందు ఊపు దాకా వెళ్లడం ఎందుకు?

అందుకని వచ్చే వారం అపాయింట్‌మెంట్‌కు వెళ్లండి. మీవారు అన్నట్టే చేయించుకోండి, కాకపోతే ‘మొదట మజిల్ ఎనర్జీ, కౌంటర్‌స్ట్రెయిన్‌తో చూద్దాం, త్రస్ట్ (ఆ ఊపు) వద్దు’ అని చెప్పండి. డి.ఓ.లకు ఇది కొత్త కోరిక కాదు. కొందరు పేషెంట్ల మెడకు వాళ్లే వద్దంటారు. మెడ చికిత్సలు వారంలో ఎన్ని చేస్తారని కూడా అడగండి. డి.ఓ. పట్టా ఉన్నా చదువు అయ్యాక చేతి చికిత్స దాదాపు వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. మెడతో పాటు వీపు పైభాగం కూడా చూడమనండి. మీలా రోజంతా స్క్రీన్ ముందు వంగి కూర్చునేవాళ్లలో అది బిగుసుకుని ఉండి, మెడ మీద అదనపు భారం వేస్తుంది. అక్కడ ఊపు ఇచ్చినా మెడ ధమనుల బెడద దాదాపు ఉండదు. బిల్లులో ఇది మామూలు విజిట్‌కు తోడు వేరే లైనుగా, ఎన్ని శరీర భాగాలకు చేశారన్న లెక్కతో వస్తుంది. ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో ముందే కనుక్కోండి.

చేయించుకున్న మర్నాడు, ఆ పైరోజు కొంచెం ఒళ్లు నొప్పులు ఉండొచ్చు, వేడి కాపడం చాలు. ఇంట్లో చేయాల్సినవి మీకు తెలిసినవే కాబట్టి ఎక్కువ రాయను. ల్యాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి స్క్రీన్ కళ్ల ఎత్తుకు తేవడం, విడిగా కీబోర్డు, గంటకోసారి లేవడం, గడ్డాన్ని కిందికి వంచకుండా వెనక్కి లాగి ఐదు సెకన్లు ఉంచే వ్యాయామం రోజుకు రెండు మూడు సార్లు. రెండు దిండ్లు వేసుకుంటుంటే ఒకటి తీసేయండి. కాలర్ జోలికి పోవద్దు. మీ అంతట మీరు మెడ విరుచుకునే అలవాటు ఉంటే మానేయండి, అందులో కదిలేది తరచుగా బిగిసిన కీలు కాదు, దాని పక్కన అప్పటికే వదులుగా ఉన్నది.

మూడు నాలుగు సార్లు వెళ్లాక తల ఎడమకు తిరగడంలో తేడా కనబడాలి. కనబడకపోతే అదే చికిత్స పొడిగించుకుంటూ పోకుండా, రోగనిర్ధారణ మళ్లీ మొదటినుంచి చూడమని అడగండి, ఫిజికల్ థెరపీకి రాయించుకోండి. చేతిలో తిమ్మిరి గానీ, బలం తగ్గడం గానీ మొదలైతే డిసెంబర్ దాకా ఆగకుండా ఇక్కడే ఎంఆర్ఐ తీయించుకోవాలి. అవేమీ లేకుండా అప్పటికి మెడ తిరుగుతుంటే, అన్నయ్యగారిని ఆ స్కాన్ డబ్బులతో ఇంకేదైనా కొనిపెట్టమనండి. ఈ రాత్రి మాత్రం ముందు అత్తయ్యగారి దగ్గర కూర్చోండి.